బేస్ కోసం కొత్త సెట్టు కొనే ముందు

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గర పడితే పేపర్ నిండా హోం థియేటర్ల ప్రకటనలే. వాటిలో ‘5000 వాట్స్ పీఎంపీవో’ (క్షణకాలం వచ్చే గరిష్ఠ పవర్ అని చెప్పుకునే లెక్క) లాంటి అంకెలు చూసి, తమ సెట్టులో బేస్, అంటే డప్పు లాంటి లోతైన స్వరాలు, లేదనుకుని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది కొత్తది కొంటున్నారు. ఆ సెట్టుకు ఉండేది 6 ఆంపియర్ల ప్లగ్గు. 230 ఓల్టుల మీద దాని నుంచి నిలకడగా తీసుకోగలిగేది 1380 వాట్లే. పీఎంపీవోను ఇలాగే కొలవాలన్న ప్రమాణం ఏదీ లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే సెట్టు నిలకడగా ఇచ్చే పవర్.

డబ్బు పెట్టే ముందు వైర్లు చూడండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే ఒక కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే పొర) గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది, బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. స్పీకర్ వైర్లు ఆంప్లిఫయర్ నుంచి విప్పి, ఒకటిన్నర ఓల్టు పెన్సిల్ సెల్లు ప్లస్సును ఎరుపుకు, మైనస్సును నలుపుకు క్షణం తాకించండి. వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) కోన్ రెండింట్లోనూ ముందుకే రావాలి.

తర్వాత చూడాల్సింది గది. మన ఇళ్లలో సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద షాబాద్ బండలు. బేస్ వాటికి తగిలి తిరిగొస్తుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిలో దాదాపు 47, 56 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) దగ్గర ధ్వని గోడల మధ్యే చిక్కుకుని మోగుతుంది. గోడల దగ్గర మోత, సరిగ్గా గది నడుమ ఆ స్వరాలే వినపడవు. కుర్చీ నడుమ ఉంటే వెనక గోడ వైపు రెండడుగులు జరపండి. స్పీకర్ కోన్ వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, అంటే ఆ స్వరం సన్నబడుతుంది. పెట్టెను గోడకు జానెడు దూరంలోకి తెస్తే ఆ గుంట 170 హెర్ట్జ్ పైకి పోతుంది. విడిగా సబ్‌వూఫర్ ఉంటే దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి పాట వేసి, గోడల వెంట వంగి వినుకుంటూ నడవండి. బేస్ ఎక్కడ సమంగా వినబడితే అదే దాని చోటు.

గోడకు గొంగడి కడితే బేస్ బాగుపడుతుందని కొందరంటారు. గొంగడి తాగేది పై స్వరాలను. 100 హెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్ల పైనే, అంత పలచని దాన్ని అది లెక్కచేయదు.

ఇక 4440 అనే ఐసీ (ఆంప్లిఫయర్ చిప్)తో కట్టిన లోకల్ ఆంప్లిఫయర్లు. రెండు చానళ్లుగా కట్టిన బోర్డులో స్పీకర్‌కు వెళ్లే దారిలో ఒక్కో కండెన్సర్ ఉంటుంది. అక్కడ 470 మైక్రోఫారడ్ వేసి ఉంటే, 4 ఓమ్‌ల నిరోధమున్న స్పీకర్‌తో 85 హెర్ట్జ్ దగ్గరే బేస్ జారిపోవడం మొదలవుతుంది. 1000 వేస్తే 40కి, 2200 వేస్తే 18కి దిగుతుంది. 2200 మైక్రోఫారడ్, 25 ఓల్టులది తీసుకుని ప్లస్సు కాలు ఐసీ వైపు, గీత ఉన్న కాలు స్పీకర్ వైపు పెట్టి సోల్డర్ చేయండి. ముందు ప్లగ్గు పీకి, సప్లై కండెన్సర్‌లో కరెంటు దిగేదాకా ఆగాలి. బ్రిడ్జిగా (రెండు చానళ్లూ కలిపి ఒకే స్పీకర్‌కు) కట్టిన బోర్డుల్లో ఈ కండెన్సర్ ఉండదు. డప్పు దెబ్బకు ప్యానెల్ లైటు మసకబారుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ చాలడం లేదని అర్థం. ఆంపియర్లు పెంచండి, ఓల్టేజీ వద్దు. ఆ ఐసీకి 18 ఓల్టులు దాటనివ్వకూడదు.

బేస్ నాబ్ చివరిదాకా తిప్పడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు. మోతను 10 డెసిబెల్స్ పెంచాలంటే పదింతల పవర్ కావాలి. 4440 లోని 6 వాట్ల చానల్ అంత ఇవ్వలేక బర్రుమంటుంది, వూఫర్ కాయిల్ మాడుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆడియో సెట్ల ప్రకటన తీసుకునేటప్పుడు ఆర్‌ఎంఎస్ వాట్లు ఎంత, అవి ఎన్ని ఓమ్‌లకు కొలిచారు అని అడిగి, ఆ రెండు అంకెలూ పెద్ద అక్షరాల్లోనే వేయించండి.

– ఒక ఆడియో మెకానిక్, నల్లగొండ