శీనుకు, అరుగం బే నుంచి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? అరుగం బేలో అంతగా ఏముందని ఫోనులో అడిగావు కానీ ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు. ఒక్క మాట ముందే చెబుతాను: వచ్చే వేసవి సెలవులకు నువ్వు వేరే ఊరేదీ అనుకోవద్దు. వదిననూ పిల్లలనూ తీసుకుని ఇక్కడికే రావాలి.

శ్రీలంక పటం తీసి తూర్పు తీరం వెంట వేలు కిందికి జరుపు. ట్రింకోమలి, బట్టికలోవా దాటాక పొత్తువిల్ తగులుతుంది. అక్కడి నుంచి ఉప్పుటేరు మీద వంతెన దాటితే అరుగం బే. కొలంబో నుంచి దాదాపు 320 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఉంది కానీ మేము కొండల దారి పట్టాం. ఎల్లా దాకా రైలు, ఆ తర్వాత మొనరాగల మీదుగా బస్సు. టీ తోటల చలిలో కప్పుకున్న శాలువా దారిలోనే తీసేయాల్సి వచ్చింది. ఊరంతా ఒకటే రోడ్డు. దానికి ఇరువైపులా అల మీద నిలబడి జారే సర్ఫ్ బోర్డులు అద్దెకిచ్చే దుకాణాలు, రొట్టెల కొట్లు, మసీదు, కొబ్బరిచెట్ల కింద పాకలు. ఆటోలను ఇక్కడ త్రీవీలర్ అంటారు. ప్రతి దాని నెత్తిమీదా సర్ఫ్ బోర్డులు కట్టుకోవడానికి ఇనుప చట్రం ఉంటుంది.

నువ్వు ఫిజిక్స్ మాస్టారివి కాబట్టి అల సంగతి నీకు వివరంగా చెప్పాలి. ఇక్కడ విరిగే అల ఇక్కడ పుట్టినది కాదురా. అంటార్కిటికాకు ఎగువన ఉండే దక్షిణ సముద్రంలో తుపానులు రేపిన కదలిక హిందూ మహాసముద్రం మీదుగా వేల కిలోమీటర్లు దాటి వస్తుంది. దారిలో చిన్న అలలు అణగిపోయి, పొడవైనవి మాత్రం ఒకదాని వెనుక ఒకటి వరస కట్టి చేరతాయి. ఊరికి దక్షిణం కొసన రాతి నేల ముక్కులా సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంది. అల అక్కడికి వచ్చేసరికి ఒడ్డు వైపు భాగానికి లోతు తగ్గి నడక మందగిస్తుంది, బయటి భాగం అదే వేగంతో సాగుతుంది. నువ్వు పదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద గీసి చెప్పే వక్రీభవనమే! దాంతో అల ఆ ముక్కు చుట్టూ వంగి, ఒక్కసారిగా కూలకుండా, ఒక కొస నుంచి రెండో కొసకు వరసగా విరుగుతూ వస్తుంది. ఆ విరిగే అంచుకు కాస్త ముందుండి జారుకుంటూ పోవడమే సర్ఫింగ్. మంచి రోజున మెయిన్ పాయింట్ దగ్గర, అంటే ఆ రాతి ముక్కు దగ్గర, ఒక్క అల మీద దాదాపు 400 మీటర్లు పోవచ్చు. ఒడ్డున నిలబడి ఆ వంపు చూశాక, పుస్తకంలో ఆ పాఠానికి వేసే బొమ్మలన్నీ నాకు చప్పగా తోచాయి.

గాలి కూడా కలిసొస్తుంది. నైరుతి రుతుపవనాలు ద్వీపానికి అవతలి తీరాన్ని తడిపి, కొండలు దాటి ఇటు పొడిగా దిగుతాయి. నేల మీది నుంచి సముద్రం వైపు వీచే ఆ గాలి అలకు ఎదురొచ్చి, దాని ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగితే ఆ నునుపు పోతుంది. అందుకే ఊరంతా చీకటితోనే లేస్తుంది.

నాకు నేర్పిన కుర్రవాడు జాలరి కొడుకు. వాళ్ల నాన్న మరపడవ పాయింట్ దగ్గర ఒడ్డునే ఉంటుంది. చెన్నై ఉద్యోగం నేర్పిన తమిళం ఇక్కడ అక్కరకొచ్చింది. నీళ్లలోకి దిగనివ్వకుండా ముందు ఇసుకలో కూర్చోబెట్టాడు. బోర్డు మీద మైనం గుండ్రంగా రుద్దుతూనే, అలలు ఎన్నెన్ని కలిసి వస్తున్నాయో, వరసకూ వరసకూ మధ్య ఎంతసేపు సముద్రం ఊరుకుంటోందో చూడమన్నాడు. తర్వాత ఇసుకలోనే బోర్డు ఆకారం గీసి, దాని మీద బోర్లా పడుకుని ఒక్క ఊపున లేచి నిలబడటం మళ్లీ మళ్లీ చేయించాడు. అప్పుడు గానీ బేబీ పాయింట్‌కు తీసుకెళ్లలేదు. కొత్తవాళ్లు నేర్చుకునే చోటు అది. వెనక నుంచి బోర్డును నెట్టి “లే అన్నా, లే!” అని కేక పెట్టాడు. లేచాను. శీనూ, అప్పుడు నీటి చప్పుడు చెవుల కంటే ముందు పాదాలకు తెలుస్తుందిరా. బోర్డు సన్నగా వణుకుతుంది. ఒడ్డు దానంతటదే మన మీదికి వస్తున్నట్టుంటుంది. మనం విశాఖలో సముద్రం పక్కనే పెరిగాం. గంటలకొద్దీ ఒడ్డున కూర్చుని ముంత మసాలా తిన్నాం. అయినా ఈ ఆనందం ఒకటుందని మనకు ఎవరూ చెప్పలేదు. నీ పిల్లలకైనా ఇది అందాలని నా పట్టుదల.

మెయిన్ పాయింట్ జోలికి మాత్రం నేను పోలేదు. అడుగున రాయి, సముద్రపు ముళ్లకాయలు (ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్లు) ఉంటాయి. పైగా అక్కడ రద్దీ. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో అక్కడికి దగ్గరగా ఉన్నవారిదే ఆ అల అన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి. దూరం నుంచి వచ్చిన కొందరు అది తెలిసీ అడ్డం పడుతుంటారు. నాకు ఒళ్లు మండింది. స్థానిక కుర్రవాళ్ల ఓర్పు గొప్పది.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి, మన చిట్టితల్లి కోసం. అరుగం బే గర్ల్స్ సర్ఫ్ క్లబ్ 2018లో మొదలైంది. శ్రీలంకలో ఆడవాళ్లే నడుపుకునే మొదటి సర్ఫ్ క్లబ్ అదే. ఆడపిల్ల నీళ్లలోకి దిగితే ఊరు ఏమనుకుంటుందోనన్న భయం ఇక్కడి ఇళ్లలోనూ ఉంది. పెళ్లయి బిడ్డలున్నవాళ్లు కూడా ఆ భయాన్ని దాటి అలల మీద నిలబడ్డారు.

ఈ ఊరు చూడని కష్టం లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు దేశంలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు పోయింది ఈ అంపారై జిల్లాలోనే. ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య సాగిన యుద్ధం ముగిసింది 2009లో. అన్ని ఏళ్లూ ఈ దారుల్లో తనిఖీలూ భయమూ తప్పలేదు. ముస్లింలు, తమిళులు, సింహళులు ఇక్కడ పక్కపక్కనే బతుకుతున్నారు. పైకి కనిపించని పాత గాయాలూ ఉన్నాయి, భూమి తగాదాలూ ఉన్నాయి. అయినా పొద్దున్నే నీళ్లలో మూడు వర్గాల కుర్రవాళ్లూ ఒకే అల కోసం ఎదురుచూస్తూ కబుర్లాడుకుంటుంటే నాకు నిజంగా గుండె నిండింది.

దక్షిణంగా పానమ దాటి పోతే ఒకంద మురుగన్ కోవెల. జాఫ్నా వైపు నుంచి కతరగామ మురుగన్ క్షేత్రానికి కాలినడకన పోయే భక్తులు అక్కడ ఆగి, కుమన అడవి ద్వారం తెరిచాక ముందుకు నడుస్తారు. ఆ దారిలో సాయంత్రం పూట ఏనుగులు రోడ్డు పక్కకు వస్తాయి. మా త్రీవీలర్ అతను ఇంజను ఆపకుండా దూరంగానే నిలిపాడు. తల్లి ఏనుగు గడ్డి పీకి, వేళ్లకున్న మట్టిని ముంగాలికి కొట్టి దులుపుకుని తింటోంది. మా ఆవిడ ఆ దులపడం చూస్తూ కదలనంటే కదలనంది.

ఇంకొకటి విను, నువ్వు నమ్మవు. ఉత్తరాన అక్కరైపట్టు దగ్గర అలిక్కంబై అనే పల్లె ఉంది. అక్కడివాళ్ల ఇంటి భాష తెలుగు! అహికుంటకులంటారు. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం వాళ్ల పాత వృత్తులు. ఒక ముసలావిడ మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కొన్ని మాటలు అందలేదు, కొన్ని అచ్చం మన అమ్మమ్మలు అన్నట్టే ఉన్నాయి. తరాలుగా ఈ నేల మీదే ఉంటూ, బయట తమిళంలో మాట్లాడుకుంటూ, ఇంట్లో దీన్ని నిలుపుకున్నారు. మన దగ్గర దీని గురించి తెలిసినవాళ్లు ఎంతమంది? నాకు చాలా బాధనిపించింది. నువ్వు వచ్చాక మళ్లీ వెళ్దాం, ఒక పూట సరిపోదు.

తిండికి బెంగలేదు. పొద్దున ఇడియాప్పం, పప్పు, సంబల్ అనే కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం అన్నంతో నాలుగైదు కూరలు. గేదె పెరుగు మీద జీలుగు పాకం పోసి ఇస్తారు, వదినకు తప్పక నచ్చుతుంది. రాత్రి హోరు సంగీతం నాకు గిట్టలేదు. గది మాత్రం రోడ్డుకు దూరంగా, పొత్తువిల్ వైపు తీసుకుందాం.

జులై, ఆగస్టుల్లో అలలు పెద్దవి, జనమూ ఎక్కువే. మే నెలలో అప్పుడే సీజను మొదలవుతుంది, అలలు పిల్లలకు సరిపోయేంత ఉంటాయి, నీ సెలవులూ అప్పుడే. నవంబరు వస్తే ఈశాన్యపు వానలకు కొట్లు మూసేసి, బోర్డులతో బతికేవాళ్లు చాలామంది దక్షిణ తీరానికి, వెలిగమ వైపు వెళ్లిపోతారు. కాబట్టి మే తప్ప మనకు వేరే దారి లేదు. చిన్నవాడికి ఇంకా పాస్‌పోర్టు తీయలేదన్నావు, ఈ నెలలోనే దరఖాస్తు పెట్టు. పిల్లలిద్దరికీ ఈత రావాలి, అది ఖాయం చెయ్యి. సెలవులు ఏ తేదీ నుంచో రాస్తే టిక్కెట్ల సంగతి నేను చూసుకుంటాను.

నీ
మురళి