రిహార్సల్ రోజులకు లెక్క ఎవరు కడతారు? సాంస్కృతిక శాఖ మంత్రి గారికి ఒక లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సర్.

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, నాటకాలు డైరెక్ట్ చేస్తాను. పదిహేనేళ్ళ నుంచి ఇదే పని. బతకడానికి మాత్రం పొద్దున ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు పాఠాలు చెప్తాను.

మొన్న వేసవిలో మా గురువుగారి కాగితాలు పట్టుకుని, వృద్ధ కళాకారుల పింఛను కోసం ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఆయనకు డెబ్భై దాటాయి. గద్వాల, అలంపూర్, వనపర్తి వైపు ఊళ్ళల్లో ఆయన్ను డ్రామా మాస్టరు అంటారు. పత్తి ఏరడం అయిపోయి చేన్లలో పని తగ్గాక, ఊళ్ళో పదిపదిహేను మంది కలిసి పద్యనాటకం ఆడాలనుకుంటే ఆయనకు కబురు పోయేది. హార్మోనియం పెట్టె సంకన పెట్టుకుని ఆ ఊరికి పోయి రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు అక్కడే ఉండేవాడు, రోజుకొక ఇంట్లో తిండి. అక్షరం రాని మనిషికి పద్యం నోటికి పట్టించడం, రాగం ఎంతసేపు తీయాలో ఎక్కడ ఆపాలో చెప్పడం, కృష్ణుడెవరు దుర్యోధనుడెవరు అన్నది గొడవ లేకుండా తేల్చడం (ఊళ్ళో ఇదెంత పెద్ద పంచాయితీయో చూసినవాళ్ళకే తెలుస్తుంది), కర్నూలు నుంచి డ్రెస్సులు, తెరలు కిరాయికి మాట్లాడటం, ఆడవేషాలకు ఆర్టిస్టులను పిలిపించడం, అంతా ఆయనే. ఆ ఆడవేషాలకు వచ్చినవాళ్ళలో నేనొకదాన్ని. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు.

ఆఫీసులో ప్రదర్శనల ఫొటోలు అడిగారు. ఉన్నవన్నీ ఏరి తీసుకుపోయాను. అక్కడున్న ఉద్యోగి ఒక్కో ఫొటో చూసి, "ఇందులో ఈయన ఏరమ్మా?" అన్నాడు. ఏ ఫొటోలోనూ లేడు. కిరీటాలు పెట్టుకున్న రైతులు ఉన్నారు, నేనున్నాను, తెర ఉంది. ఒక్క ఫొటోలో మాత్రం అంచున హార్మోనియం మీద ఒక చెయ్యి కనిపిస్తోంది. ఆ చెయ్యి ఆయనదే. ఆ సంగతి చెప్తే, చెయ్యి చూసి ఎట్లా రాసుకోవాలి అన్నాడు. ఆ ఉద్యోగిది తప్పనడం లేదు సర్. ఆయన ముందున్న ఫారంలో గాయకుడికి గడి ఉంది, నటుడికి ఉంది, వాయిద్యకారుడికి ఉంది. నాటకం నేర్పించి ఆడించే మనిషికి గడి లేదు. చివరికి ఆయన్ను హార్మోనియం వాయిద్యకారుడని రాయించి వచ్చాను. నెలకు 3,016 రూపాయల పింఛను కోసం నలభై ఏళ్ళు చేసిన పనిని ఇంకో పేరుతో రాయించాల్సి వచ్చింది. బస్సులో వస్తుంటే ఆయన ఏమీ మాట్లాడలేదు.

ఈ లేఖ ఆ రోజు నుంచి రాద్దామనుకుంటున్నాను.

నటిగా ఉన్న రోజుల్లో నాకు డబ్బు విషయంలో టెన్షన్ లేదు. చంద్రమతి వేసినా ద్రౌపది వేసినా, రాత్రి మూడింటికి మంగళం పాడాక తెల్లారేలోపే డబ్బులు చేతిలో పెట్టేవాళ్ళు, బస్సు చార్జీతో సహా. ఎక్కువేం కాదు, కానీ ఒప్పుకున్నది ఇచ్చేవాళ్ళు. దర్శకురాలిని అయ్యాక డబ్బు నా చేతిలోంచి పోవడం మొదలైంది. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. నల్లగొండలో, సూర్యాపేటలో, నాగర్‌కర్నూల్‌లో నాకు తెలిసిన దర్శకులు ఎవరిని అడిగినా ఇదే చెప్తారు.

మా కిందటి నాటిక ఖర్చు రాస్తాను, మీకు తేలిగ్గా అర్థమవుతుంది. గంట నాటిక, తొమ్మిది మంది నటులు. లైట్లకూ సౌండ్‌కూ 15 వేలు, హాలు కిరాయి 10 వేలు, సెట్‌కు 9 వేలు, డ్రెస్సులూ మేకప్ కలిపి 6 వేలు, వ్యాన్ 5 వేలు, నలభై ఐదు రోజుల చాయ్, బిస్కెట్లకు 3 వేలు. మొత్తం 48 వేలు. చందాలు 31 వేలు వచ్చాయి. 50 రూపాయల టికెట్ పెడితే 180 మంది కొన్నారు, అది 9 వేలు. నాటకం టికెట్ 500 రూపాయల లోపుంటే జీఎస్టీ లేదు, మంచిదే, కానీ మాకు మిగిలేది ఉంటే కదా పన్ను గురించి ఆలోచించేది. తక్కువ పడ్డ 8 వేలు నా స్కూలు జీతంలోంచి పెట్టాను. ఈ పద్దులో దర్శకత్వం అన్న మాట ఎక్కడా లేదు చూడండి. సున్నా అని కూడా రాయలేదు, అసలు ఆ వరసే లేదు. చందా ఇచ్చినవాళ్ళు కూడా లైట్లకెంత, మైకుకెంత అని అడిగారు గానీ డైరెక్షన్‌కెంత అని ఎవరూ అడగలేదు.

నలభై ఐదు రోజులు ఏం చేస్తారు అనుకోవచ్చు. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా రిహార్సల్. నా దగ్గరికి వచ్చేవాళ్ళు పగలంతా పనిచేసి వచ్చేవాళ్ళు. ఆటో నడిపే అతను, మోటార్లు రిపేరు చేసే పిల్లోడు, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, ఒక ఆశా కార్యకర్త. మొదటి వారం కూర్చుని చదువుకోవడమే. ఆ మోటార్ల పిల్లోడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడలేకపోయేవాడు. జీవితంలో ఎప్పుడూ తలెత్తి మాట్లాడే అవసరం రానివాడితో, దొర ముందు నిలబడి "నా భూమి నాకియ్యి" అని అనిపించాలి. అరవమంటే అరుస్తాడు, అది పెద్ద పనేం కాదు. అరవకుండా, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడేట్టు, నిజంగా అడుగుతున్నట్టు అడగాలి. ఆ ఒక్క మాటకు పద్దెనిమిది రోజులు పట్టింది. పందొమ్మిదో రోజు అన్నాడు. మిగతావాళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని అట్లాగే ఉండిపోయారు.

ముప్పయ్యో రోజు, దొర వేషం వేస్తున్నాయన కూలి పనికి పుణె వలస పోయాడు. మేస్త్రీ పిలిచాడు, అడ్వాన్స్ తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పాలమూరులో దీనికి కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. ఇంకొకాయన్ను వెతికి, పదిహేను రోజుల్లో ముప్పై రోజుల పని చేయించాను.

అమ్మాయిల సంగతి వేరే చెప్పాలి. రిహార్సల్ అయ్యాక ఒకమ్మాయి దేవరకద్ర పోవాలి, ఒకమ్మాయి జడ్చర్ల పోవాలి. నేను బస్టాండ్ దాకా పోయి బస్సెక్కించి, దిగాక ఫోన్ చేసేదాకా మేలుకుని ఉంటాను. వాళ్ళ నాన్నలు పంపిస్తున్నది నాటకం మీద ప్రేమతో కాదు, నా మీద నమ్మకంతో. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేశాక రిహార్సల్స్‌కు వచ్చే అమ్మాయిలు పెరిగారు సర్, ఇది నేను కళ్ళారా చూశాను. ఆ జీవో రాసినవాళ్ళు నాటకం గురించి అనుకుని ఉండరు, అయినా మేలు జరిగింది. అందుకే అడుగుతున్నాను, నాటకం గురించి అనుకుని ఒక జీవో రాస్తే ఇంకెంత జరుగుతుంది?

స్థలం సంగతి చెప్పాలంటే, మూడేళ్ళలో ఐదు చోట్లు మారాం. ఒక బడి వరండా, ఒక ఫంక్షన్ హాల్ వంటగది వెనక జాగా, ఒకరి మేడ మీద రేకుల షెడ్డు. వానొస్తే ఆ షెడ్డులో మాట వినపడేది కాదు.

మా తరంలో ఈ పని మొదలుపెట్టినవాళ్ళలో ముప్పై ఐదేళ్ళు దాటాక నిలిచినవాళ్ళు చాలా తక్కువ. నల్లగొండలో నాకంటే బాగా నాటకం కట్టే ఒకన్న ఉండేవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో సీరియళ్ళకు పనిచేస్తున్నాడు. పిల్లల ఫీజులు కట్టాలి కదా, తప్పుపట్టలేను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988 నుంచి రంగస్థల కళల శాఖ ఉంది, చక్కగా నేర్పిస్తారు, కానీ అక్కడ చదువుకున్న పిల్లలు మా జిల్లాకు తిరిగొచ్చి ఏం చేయాలి? పాలమూరు విశ్వవిద్యాలయంలోనూ, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనూ నాటకం చెప్పే శాఖే లేదు.

పోటీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. తెనాలిలో 1929లో నాటక కళా పరిషత్తు పెట్టిన నాటి నుంచీ పరిషత్తు పోటీలు తెలుగు నాటకాన్ని బతికిస్తూనే ఉన్నాయి, మేమూ అప్పుడప్పుడు కృష్ణ దాటి పోతాం, ఉత్తమ దర్శకత్వం షీల్డు నాక్కూడా ఒకటి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నుంచి నంది నాటకోత్సవాలు జరిగేవి, రాష్ట్రం విడిపోయాక మా వైపు అది లేకుండా పోయింది. సినిమాకు 2025లో గద్దర్ పేరు మీద అవార్డులు ఇచ్చారు, సంతోషమే. కానీ నేను అవార్డు అడగడం లేదు. షీల్డు ఒక రాత్రికి ఇస్తారు. నలభై ఐదు రాత్రులకు ఎవరూ ఏమీ ఇవ్వరు, నా బాధ అది.

కిన్నెర మొగిలయ్య గారికి 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా జిల్లాలన్నీ పండగ చేసుకున్నాయి. వాళ్ళ చేతిలో వాయిద్యం ఉంది, అది కనపడుతుంది, వినపడుతుంది. దర్శకుడి చేతిలో ఏముంటుంది సర్? ఒక నోటుబుక్కు. తెర లేచాక దానితో కూడా పని లేదు. బాగా చేసిన డైరెక్షన్ అసలు కనపడదు, నటులే బాగా చేశారని జనం అనుకుంటారు, అనుకోవాలి కూడా. అందుకని ఆ పనికి విలువ కట్టడం ప్రభుత్వం వల్లే కావాలి, మార్కెట్ కట్టదు, జనం చందాలతో కట్టలేరు.

డబ్బు లేదని మాత్రం అనొద్దు. ఇదే రాష్ట్రం సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు నెల జీతంతో ఉద్యోగాలు ఇచ్చింది. వాళ్ళలో నా స్నేహితులున్నారు, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోందంటే నాకు సంతోషం. కళకు నెల జీతం ఇవ్వడం మనవల్ల అవుతుందని అక్కడే తేలింది. పక్క రాష్ట్రం సంగతి చూడండి. కర్ణాటక ప్రభుత్వం 1989లో మైసూరులో నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారిని పెట్టి రంగాయణ అనే నాటక సంస్థ మొదలుపెట్టింది, తర్వాత శివమొగ్గలో, ధార్వాడలో, కలబురగిలో కూడా పెట్టింది. కలబురగి మాకెంత దూరం? నారాయణపేటలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. నేను పోయి చూశాను. వాళ్ళకు రిహార్సల్ అంటే డ్యూటీ. పగలు చేస్తారు, వెలుతురులో చేస్తారు. నటులు అలసిపోకుండా రిహార్సల్‌కు రావడం నేను మొదటిసారి అక్కడే చూశాను.

కేంద్రం గురు శిష్య పరంపర పథకం కింద నాటక సంస్థల్లో గురువుకు నెలకు 15 వేలు ఇస్తుంది. దానికి రిజిస్టరైన సంస్థ కావాలి, ఆడిట్ లెక్కలు కావాలి, ఢిల్లీ దాకా ఫైలు నడవాలి. మా డ్రామా మాస్టరులాంటి వాళ్ళు ఆ దరిదాపులకు కూడా పోలేరు.

అదే 15 వేలను మీరు ఇక్కడ ఇవ్వండి. ముందు మన దక్షిణ తెలంగాణతోనే మొదలుపెట్టండి, పాత పాలమూరు జిల్లాకు నలుగురు, పాత నల్లగొండ జిల్లాకు నలుగురు దర్శకులను ఏడాది పాటు తీసుకోండి. ఎనిమిది మందికి ఏడాదికి 14 లక్షల 40 వేలు. దానికి బదులుగా మాతో పని చేయించుకోండి. ఏడాదికి రెండు నాటకాలు కట్టమనండి, గురుకులాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో పిల్లలకు నేర్పమనండి. కురుమూర్తి, చెర్వుగట్టు, పెద్దగట్టు జాతరల్లో ఒక్కో రాత్రి నాటకానికి ఇవ్వండి, జనం ఎట్లాగూ అక్కడే ఉంటారు, మేమే జనం దగ్గరికి వస్తాం. ఆ ఎనిమిది మందిలో ఇద్దరైనా ఊళ్ళల్లో పద్యనాటకం నేర్పే మాస్టర్లు ఉండాలి. డిగ్రీ అడగొద్దు.

సాయంత్రం ఆరు దాటాక ప్రతి పట్నంలో ఒక ప్రభుత్వ బడి గది తాళం రిహార్సల్‌కు ఇప్పించండి, దీనికి ఖర్చు కూడా లేదు, కరెంటు బిల్లు మేం కట్టుకుంటాం. ప్రదర్శనకు డబ్బిచ్చే ప్రతి పథకంలో రిహార్సల్ రోజులు అని ఒక పద్దు పెట్టండి. కళాకారుల ఫారాల్లో దర్శకత్వం అని ఒక గడి పెట్టండి.

రిహార్సల్ నిజంగా జరిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది అని మీ ఆఫీసర్లు అడుగుతారు, అడగాలి కూడా. నా దగ్గర పదిహేనేళ్ళ నోటుబుక్కులున్నాయి. తేదీ, ఎవరొచ్చారు, ఏ సీను చేశాం, ఎన్నింటికి ముగించాం, అందరి సంతకాలు. సంతకం రానివాళ్ళవి వేలిముద్రలు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మీరు ఈ వైపు వచ్చినప్పుడు ప్రదర్శనకు పిలవను సర్. ముఖ్య అతిథిగా వస్తే దండలు, ప్రసంగాలు, గంటసేపు అట్లాగే పోతుంది, నాటకం ఆలస్యమైతే మా అమ్మాయిల బస్సు పోతుంది. రిహార్సల్‌కు రండి. ఇప్పుడు కొత్త నాటిక మొదలుపెట్టాం, పన్నెండో రోజు నడుస్తోంది. ఏడింటికి మొదలవుతుంది, ఫ్లాస్కులో చాయ్ ఉంటుంది. మా మాస్టరు గారు కూడా శనివారాలు గద్వాల నుంచి వచ్చి కూర్చుంటున్నారు, పిల్లలకు మాట ఎక్కడ విరవాలో చెప్తున్నారు. కిందటి శనివారం ఆయన నేర్పిస్తుండగా నా ఫోన్‌లో ఫొటో తీశాను. చెయ్యి కాదు, మనిషి మొత్తం వచ్చాడు.

ఇట్లు,
ఒక నాటక దర్శకురాలు,
మహబూబ్‌నగర్