బడిలో యుద్ధకళలు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

పిల్లలకు కరాటే, జూడో, తైక్వాండో వంటి యుద్ధకళలను బడిలోనే నేర్పించాలని తల్లిదండ్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఆ కోరికను మన్నించాలనుకున్న ప్రతిచోటా జరిగేది దాదాపు ఒకటే: కొన్ని వారాల ఆత్మరక్షణ కోర్సు, చివరి రోజున వేదిక మీద పెంకులు పగలగొట్టే ప్రదర్శన, చేతికొక సర్టిఫికెట్. ఈ శిక్షణ పిల్లల్లో ఆత్మవిశ్వాసాన్నీ, ఎదురుదెబ్బలను తట్టుకునే నిబ్బరాన్నీ పెంచుతుందని బడిపిల్లలకు జూడో నేర్పే ఉపాధ్యాయురాలిగా నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ నిబ్బరం తన్నులు, గుద్దులు తెలిసినంత మాత్రాన రాదనీ, దానికి తగినంత కాలం, ఒక క్రమం, సమర్థుడైన గురువు కావాలనీ, వాటికి ఏర్పాటు చేయలేనప్పుడు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలనీ మీకు విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జూడో తరగతిలో చేరిన పిల్లవాడు మొదట నేర్చుకునేది ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదు, తాను పడడం. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి, వీపును గుండ్రంగా వంచాలి, ఒళ్లు నేలను తాకే క్షణంలోనే చాచిన చేత్తో మ్యాట్‌ను గట్టిగా చరవాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట కాక ఒళ్లంతా పంచుకుంటుంది, తల నేలకు తగలదు. దీన్ని ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి, చివరకు తోటివాడు విసిరినప్పుడు చేయిస్తాం. మొదటి రోజుల్లో పిల్లలు కళ్లు గట్టిగా మూసుకుంటారు, ఊపిరి బిగబడతారు, పడకముందే చేతులు వెనక్కి ఆనించబోతారు. అభ్యాసం సాగేకొద్దీ చరుపు శబ్దం మారుతుంది, పడ్డవాడు మేం చెప్పకముందే లేచి మళ్లీ వరుసలో నిలబడతాడు. పడతానేమో అన్న భయం పూర్తిగా పోదు కానీ, పడితే ఏం చేయాలో తన ఒంటికి తెలుసన్న ధీమా దాని పక్కన వచ్చి చేరుతుంది.

ఒక పని తాను చేయగలనన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం ఆ పనిని స్వయంగా చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే ప్రతిపాదించారు. పొగడ్త, ఉద్బోధ ఆ తర్వాతి స్థానాల్లో ఉంటాయి. "నువ్వు చేయగలవు" అని పెద్దలు పదేపదే చెప్పడం కంటే, కిందటి నెల చేతకానిది ఈ నెల చేతనైందని పిల్లకు తనంతట తానే తెలియడం ఎక్కువ పని చేస్తుంది. యుద్ధకళల్లో ఆ తేడా దాచినా దాగదు, మార్కుల పట్టికతో అవసరం లేకుండానే కనబడుతుంది.

బయటివారు అంతగా గమనించని మరో సంగతి ఉంది. జూడోలో పట్టు బిగిసి ఊపిరాడకపోయినా, నొప్పి పుట్టినా, చిక్కుకున్నవారు మ్యాట్ మీదనో ఎదుటివారి ఒంటి మీదనో రెండుసార్లు తడతారు. తట్టిన మరుక్షణం పట్టు వదిలేయాలి. ఈ నియమానికి వయసుతో, బలంతో, గెలుపోటములతో నిమిత్తం లేదు. తట్టడానికి నామోషీపడే పిల్లలుంటారు, తట్టినా ఒక్క క్షణం ఆలస్యంగా వదిలే పిల్లలూ ఉంటారు, ఇద్దరినీ గురువు అక్కడికక్కడే ఆపి సరిదిద్దాలి. "ఇక చాలు" అని సిగ్గుపడకుండా చెప్పడం, చెప్పగానే ఆగడం అనే రెండింటినీ ఒకే తరగతిలో, ఒకరినొకరు పట్టుకుని నేర్చుకునే అవకాశం మన పాఠ్యాంశాల్లో మరెక్కడుందో నాకు తట్టడం లేదు. కరాటేలో గుద్దుతో పాటు పెట్టే కేక కూడా ఇలాంటిదే. నలుగురిలో గొంతెత్తి ఎరుగని పిల్ల మొదట పెదవులు మాత్రమే కదుపుతుంది. ఆ గొంతు పైకి రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, తొందరపెడితే అసలే రాదు.

పరిశోధనలు చెబుతున్నదీ ఇదే. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కిండర్‌గార్టెన్ నుంచి 5వ తరగతి వరకు ఉన్న పిల్లల్లో కొన్ని తరగతులకు మామూలు వ్యాయామ విద్యకు బదులు మూడు నెలలపాటు తైక్వాండో నేర్పారు. మిగతావారితో పోలిస్తే వారిలో స్వీయనియంత్రణ, తరగతి గదిలో నడవడిక మెరుగుపడ్డాయి. దానికన్నా ముందు, 1986లో వచ్చిన మరో అధ్యయనం మీవంటి నిర్ణేతలకు మరింత ముఖ్యమైనదని నా అభిప్రాయం. నేరప్రవృత్తి కనబరిచిన కౌమార బాలురలో ఒక బృందానికి మర్యాద, ధ్యానం, నీతినియమాలతో కూడిన సంప్రదాయ తైక్వాండోను, ఇంకొక బృందానికి కొట్లాట మెళకువలను మాత్రమే నేర్పారు. మొదటి బృందంలో దూకుడు తగ్గింది, రెండో బృందంలో పెరిగింది. రెండుచోట్లా కళ పేరు ఒక్కటే, నేర్పిన పద్ధతి వేరు.

జపాన్‌లోని ఒకినావా దీవిలో కరాటేను బడుల్లోకి తెచ్చిన గురువు ఇతోసు అంకో 1908లో విద్యాధికారులకు పది అంశాలతో ఒక లేఖ రాశారు. చేతులను, కాళ్లను ఎదుటివారి మీద ప్రయోగించే పరిస్థితిని వీలైనంతవరకు తప్పించుకోవాలని అందులో తొలి అంశంలోనే చెప్పారు. రోజూ ఒకటి రెండు గంటలు శ్రద్ధగా సాధన చేస్తే మూడు నాలుగేళ్లకు ఒంట్లో మార్పు కనిపిస్తుందనీ రాశారు. బడిలో చేసిన సాధన రేపు సైన్యానికి పనికొస్తుందన్న వాదన కూడా ఆ లేఖలో ఉంది. ఆ కాలానికి తగిన ఆ మాటను మనం ఇప్పుడు తలకెత్తుకోనక్కర్లేదు. కాలం గురించి ఆయన చెప్పినదాన్ని మాత్రం పక్కన పెట్టడానికి వీల్లేదు. నాలుగు వారాల కోర్సు పిల్లలకు లేని బలాన్ని ఉన్నట్టు భ్రమింపజేయగలదు, అలాంటి భ్రమతో ప్రమాదానికి ఎదురువెళ్లే పిల్ల ఏమీ తెలియని పిల్లకంటే ఎక్కువ అపాయంలో పడుతుంది.

ఇక భద్రత విషయంలో జపాన్ అనుభవాన్ని మీ అధికారులు తప్పక పరిశీలించాలి. జూడో పుట్టిన ఆ దేశంలోనే 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో బడుల్లో జూడో చేస్తూ 100 మందికి పైగా విద్యార్థులు మరణించారు. చాలా మరణాలకు తలకు తగిలిన దెబ్బలే కారణం, మృతుల్లో కొత్తగా చేరినవారు ఎక్కువ. 2012లో అక్కడి మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధకళలను తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రులు ఆందోళన చెందడానికి ఇదే కారణం. సరిగా పడడం రాని పిల్లను విసరనివ్వడం, తల తిరుగుతోందన్న పిల్లచేత మళ్లీ సాధన చేయించడం క్రమశిక్షణ అనిపించుకోవు. హెల్మెట్ పెట్టినంత మాత్రాన మెదడు అదురు ఆగుతుందనుకోవడమూ పొరపాటే.

బెల్టుల గురించి ఒక్క మాట. నేర్చుకున్న స్థాయిని బట్టి నడుముకు కట్టే రంగురంగుల బెల్టులు అభ్యాసకుల ఉత్సాహం నిలపడానికి యూరప్‌లో ప్రచారంలోకి వచ్చిన ఏర్పాటు, అందులో తప్పేమీ లేదు. కానీ రుసుము కట్టిన ప్రతివారికీ బెల్టు ఇచ్చే పరీక్షలు బడి ఆవరణలోకి రాకూడదు. పరీక్షలో తప్పి, తప్పిన కారణం తెలుసుకుని, మళ్లీ వచ్చి నెగ్గడం పిల్లలకు దక్కాల్సిన అనుభవం. ఎవరూ తప్పని పరీక్ష దాన్ని లాగేసుకుంటుంది.

కాబట్టి మీరు ఈ కార్యక్రమానికి ఆమోదం తెలిపేటట్లయితే, అది కనీసం ఒక పూర్తి విద్యాసంవత్సరం పాటు, వారానికి రెండు పీరియడ్లకు తగ్గకుండా సాగేలా చూడండి. గురువులను పతకాలు చూసి కాక, పిల్లలకు నేర్పడంలోనూ ప్రథమ చికిత్సలోనూ పొందిన శిక్షణను బట్టి, గత చరిత్రను విచారించి నియమించండి. తరగతి జరిగేటప్పుడు బడి ఉపాధ్యాయులొకరు తప్పనిసరిగా అక్కడ ఉండాలి. తలకు గురిపెట్టే దెబ్బలను నిషేధించండి. తలకు దెబ్బ తగిలిన పిల్లను ఆ రోజే సాధన నుంచి తప్పించి, వైద్యుడు అనుమతించాకే తిరిగి రానివ్వాలని రాతపూర్వకంగా ఆదేశించండి. ఆసక్తి లేని పిల్లకు మానుకునే స్వేచ్ఛ ఉండాలి.

తోటివారి వేధింపులకు గురవుతున్న పిల్లకు కరాటే నేర్పించి బడి చేతులు దులుపుకునే పరిస్థితి రాకూడదన్నది నా చివరి విన్నపం. వేధింపును ఆపడం పెద్దల బాధ్యత, దాన్ని పిల్ల పిడికిలికి అప్పగించలేం. ఈ విషయాన్ని మార్గదర్శకాల మొదటి పేజీలోనే స్పష్టం చేసి, వాటి ముసాయిదాను ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల అభిప్రాయాల కోసం ముందుగానే వెల్లడించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక జూడో ఉపాధ్యాయురాలు