కూర్మన్నపాలెం అడ్డా నుంచి మంత్రి గారికి: మట్టి పని ఎప్పుడో, ఎంతో ముందే చెప్పండి

గౌరవనీయులైన రాష్ట్ర ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

తమరు విశాఖ వచ్చినప్పుడు పొద్దున్న ఆరింటికి కూర్మన్నపాలెం వైపు వస్తే రోడ్డు వార వరసగా ఆగి ఉన్న జేసీబీలు కనపడతాయి. బకెట్లు నేలకు ఆనించి, అద్దాల మీద ఫోన్ నంబర్లు రాసి, కింద నీడలో ఆపరేటర్లు టీ తాగుతూ ఉంటారు. ఎనిమిదిలోపు ఫోన్ వస్తే ఆ రోజుకు పని ఉన్నట్టు. తొమ్మిది దాటితే లేనట్టే. ఆ వరసలో రెండు బండ్లు నావి. ఇవి కాక చైన్ల మీద నడిచే పెద్ద తవ్వకం బండి, 20 టన్నుల పొక్లెయిన్, ఒకటి కూడా ఉంది.

జేసీబీ అంటున్నాను గానీ అసలు పేరు బ్యాక్‌హో లోడర్. ఏ కంపెనీదైనా మా నోట్లో అది జేసీబీయే. పొక్లెయిన్ సంగతీ అంతే. అదొక ఫ్రెంచి కంపెనీ పేరు, ఇప్పుడు ఆ పేరుతో ఉన్న బండి మా అడ్డాలో ఒక్కటీ లేదు. స్టీల్ ప్లాంట్ కట్టే రోజుల్లో ఒక కాంట్రాక్టర్ దగ్గర డంపర్ నడిపిన మా నాన్న మాత్రం చూశాడట. నేను పదిహేడో ఏట హెల్పర్‌గా గ్రీజు గన్ పట్టుకుని మొదలుపెట్టి, ఆపరేటర్‌నై, 2008లో సొంత బండి కొన్నాను. మార్కెట్ గురించి రాయడానికి నాకున్న అర్హత ఇదే.

పేపర్లో చదివితే మా మార్కెట్ బ్రహ్మాండంగా ఉంది. దేశం మొత్తం మీద నిర్మాణ యంత్రాల అమ్మకాలు 2023-24లో సుమారు 1.35 లక్షలు. అంతకు ముందు ఏడాది కంటే అది పావు వంతుకు పైగా ఎక్కువ. 2024-25లో సుమారు 1.40 లక్షలు. అంటే పెరుగుదల ఒక్కసారిగా మూడు శాతం దగ్గరికి పడిపోయింది. ఈ రెండో సంగతి షోరూంలో ఎవరూ చెప్పరు. ఇక విశాఖ చుట్టూ అంటారా, గూగుల్ డేటా సెంటర్ అన్నారు, నక్కపల్లి దగ్గర స్టీల్ ఫ్యాక్టరీ అన్నారు, పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్‌కు ప్రధాని గారు 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు, 46 కిలోమీటర్ల మెట్రో మొదటి దశ అన్నారు. ఒక్కో వార్త వచ్చిన వారం మా గాజువాకలో ఫైనాన్స్ ఏజెంట్ల ఫోన్లు ఆగవు. "అన్నా, పని వస్తోంది, బండి రెడీగా పెట్టుకో" అంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మేమూ కొంటాం. భూసేకరణ ఎప్పటికి తేలుతుందో, చదును పని ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు. కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలు.

నేనూ అలాగే కొన్నాను. 2025 జనవరి 1 నుంచి టైర్ల మీద నడిచే బండ్లకు సీఈవీ స్టేజ్-5 అనే, నిర్మాణ యంత్రాల పొగ తగ్గించే కొత్త కాలుష్య నిబంధన వచ్చింది. కొత్త ఇంజిన్లలో పొగను వడకట్టే ఫిల్టర్లు, అదనపు సెన్సర్లు వస్తాయి, ధర పెరుగుతుంది అని అందరికీ తెలుసు. దాంతో 2024 చివర్లో దేశమంతా పాత స్టేజ్-4 బండ్ల కోసం ఎగబడ్డారు. డిసెంబర్‌లో నేనూ ఒకటి తెచ్చాను. కిస్తీ 74 వేలు. నిబంధన తప్పని అనను. క్యాబిన్ పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు పొగ పీల్చినవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు. కాకపోతే కొత్త రకం బండి ఆగిపోతే స్పానర్ పట్టుకుని చేసేదేమీ లేదు, లాప్‌టాప్ ఉన్న మెకానిక్ రావాలి, అతను వచ్చేదాకా బండి సైటులో బొమ్మలా నిలబడాలి. ఆటోనగర్‌లో ఇంజిన్ బోరు కొట్టి, పంపు విప్పి బాగుచేసే మేస్త్రీలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళకు ఈ కొత్త ఇంజిన్ల మీద ట్రైనింగ్ ఇప్పిస్తే మాకూ వాళ్ళకూ మేలు. ఇది తమరి శాఖ చేయగల పనే.

ఇప్పుడు ఒక్క బండి లెక్క చెబుతాను, కాస్త ఓపిగ్గా చూడండి. గంట రేటు డీజిల్‌తో కలిపి 1,200. గంటకు ఐదు లీటర్లు తాగుతుంది, లీటరు 96 వేసుకుంటే 480 పోయింది. సర్వీసు, టైర్లు, హోస్ పైపులు, బకెట్ పళ్ళు, పిన్నులు, బుష్‌లకు గంటకు వంద పక్కన పెట్టకపోతే తర్వాత ఏడవాలి. మిగిలింది 620. ఆపరేటర్ జీతం 20 వేలు, రోజు బత్తా 300 చొప్పున మరో 7,500. కిస్తీ 74 వేలు. ఈ మూడూ కలిపి నెలకు 1,01,500. అంటే బండి నెలకు 164 గంటలు తిరిగితే నాకు సున్నా. 165వ గంట నుంచి ఇంటికి ఏదైనా వస్తుంది. పోయిన ఏడాది వర్షాకాలంలో ఒక నెల నా మీటర్ తిరిగింది 71 గంటలు.

2019లో ఇలాంటి బండికే గంట రేటు వెయ్యి, డీజిల్ డెబ్బై చిల్లర. ఆరేళ్ళలో రేటు రెండొందలు పెరిగింది, అందులో సగానికి పైగా డీజిలే తినేసింది. డీజిల్ మీద మన రాష్ట్ర వ్యాట్ 22.25 శాతం, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి మేం కట్టిన ఆ పన్నులో పైసా కూడా క్రెడిట్ రాదు, అంటే మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేం. మా అద్దె బిల్లు మీద మాత్రం 18 శాతం జీఎస్టీ. ఇక్కడ అసలు మెలిక ఏమిటంటే, ఆ జీఎస్టీ బిల్లు రాసిన నెలకు కట్టాలి, డబ్బు చేతికొచ్చిన నెలకు కాదు. మూడు నెలల తర్వాత వచ్చే డబ్బుకు ఈ నెలే పన్ను కట్టి, ఆ అప్పుకు వడ్డీ కూడా మేమే కట్టుకుంటున్నాం.

మార్కెట్ రూపం కూడా మారిపోయింది. పదేళ్ళ క్రితం జేసీబీ ఉంటే చాలు, పునాది తీయొచ్చు, టిప్పర్ నింపొచ్చు, కాలవ తవ్వొచ్చు. జేసీబీ వెనక బకెట్లో పట్టేది పావు ఘనపు మీటరు. 20 టన్నుల పొక్లెయిన్ బకెట్లో ఇంచుమించు ఒక ఘనపు మీటరు. టిప్పర్లు పెద్దవయ్యాయి, హైవే పనులు పెద్దవయ్యాయి, జేసీబీ ఒక టిప్పర్ నింపేలోపు పొక్లెయిన్ మూడు నింపి పంపేస్తుంది. అందుకే దేశమంతటా పొక్లెయిన్ల వాటా పెరుగుతోంది. కోబెల్కో వాళ్ళు మన శ్రీసిటీలోనే తయారు చేస్తున్నారు, సానీ వాళ్ళది పుణె దగ్గర చాకన్‌లో. ఇంకోవైపు వన్ టౌన్ సందుల్లో డ్రైనేజీ పనికి మూడు టన్నులు, ఐదు టన్నుల మినీ బండ్లు వచ్చేశాయి. జేసీబీ దూరని చోట అవి దూరతాయి. పెద్ద పనికి చిన్నది, చిన్న పనికి పెద్దది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వేది మేమే కాబట్టి సామెత మాకు బాగా అతికింది.

మన నేల సంగతి కూడా తెలిస్తేనే ఏ బండి కొనాలో తెలుస్తుంది. విశాఖ కొండలు చాలావరకు ఖోండలైట్ రాయి. పైన బాగా మెత్తబడి ఎర్ర గ్రావెల్ అయిపోయి ఉంటుంది, బకెట్ పెడితే బెల్లంలా వస్తుంది. కింద చార్నోకైట్ తగిలిందంటే బకెట్ పళ్ళు మొండి అయిపోతాయి, రాయి పగలగొట్టే బ్రేకర్ తగిలించాల్సిందే. బ్రేకర్ విడిగా కొనాలి, పెట్టుబడి లక్షల్లో. నేను ఒకసారి గ్రావెల్ అనుకుని గంట రేటుకు ఒప్పుకుని ఒక సైటుకు వెళ్ళాను. రెండో రోజు రాయి తగిలింది. మూడు రోజుల్లో ఐదు పళ్ళు విరిగాయి, బకెట్‌ను మోసే చేయి, అదే బూమ్, దాని పిన్ను దగ్గర పగులు వచ్చింది. ఆ పగులుకు వెల్డింగ్ చేయించిన బిల్లు ఇంట్లో మా ఆవిడ ఇప్పటికీ చూపిస్తుంటుంది.

ఇదంతా ఎందుకు రాశానంటే నేను అడగబోయేది చాలా చిన్నది. ప్రతి మూడు నెలలకూ ఒక పట్టిక ఇప్పించండి. విశాఖ, అనకాపల్లి, విజయనగరం జిల్లాల్లో ఏ ప్రాజెక్టు దగ్గర ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పని, అందులో రాయి ఎంత, ఏ నెలలో మొదలు, ఏ నెలకు పూర్తి. తెలుగులో, ఒకే చోట. ఈ లెక్కలు కొత్తగా ఎవరూ వేయక్కర్లేదు. ప్రభుత్వ టెండర్ల బీఓక్యూలో, అంటే ఏ పని ఎంతో రాసిన జాబితాలో, వరస వరసగా ఉంటాయి. ప్రభుత్వ భూమి తీసుకున్న ప్రైవేటు కంపెనీల దగ్గరా ఉంటాయి. వాటిని అడిగి తీసుకుని బయట పెట్టడమే. అది చేతిలో ఉంటే ఫైనాన్స్ ఏజెంటు ఫోన్ చేసినప్పుడు నేను "ఈ ఏడాది వద్దు తమ్ముడూ" అనగలను. లేదా జేసీబీ అమ్మేసి బ్రేకర్ కొనుక్కోగలను. బ్యాంకు కూడా అదే చూసి అప్పు ఇస్తుంది.

రెండోది డబ్బుల సంగతి. హైవే పక్కన ఒక పెద్ద సైటులో మా పొక్లెయిన్ నాలుగు నెలలు పనిచేసింది. పేరు రాయను. మెయిన్ కంపెనీ కింద ఒక కాంట్రాక్టర్, ఆయన కింద సబ్ కాంట్రాక్టర్, ఆయన కింద నేను. కాగితం మీద అగ్రిమెంట్ లేదు. రోజూ సాయంత్రం సూపర్‌వైజర్ సంతకం పెట్టిన లాగ్ షీట్ ఒక్కటే నా దగ్గరున్న ఆధారం. మొదటి నెల డబ్బు బాగానే వచ్చింది. రెండో నెల నుంచి "పైనుంచి బిల్లు కాలేదు" అన్నారు. నాలుగో నెలలో ఫోన్లో బండి జీపీఎస్ రిపోర్టు తీసి, మీ బండి రోజుకు రెండు గంటలు ఊరికే ఇంజిన్ ఆన్‌లో ఉంది, ఆ గంటలు కట్ చేస్తాం అన్నారు. టిప్పర్లు రాక మా బండి ఆగి ఉంది. టిప్పర్లు పంపాల్సింది వాళ్ళే. కొత్త టెక్నాలజీ వచ్చింది కదా అని మేం సంతోషించాం, అది మొదట తిరగబడింది మా మీదే.

ఎం.ఎస్.ఎం.ఈ. చట్టం 2006 నుంచీ ఉంది. చిన్న సంస్థకు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ చక్రవడ్డీ. చదవడానికి కడుపు నిండిపోతుంది. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, అదే ఉద్యం రిజిస్ట్రేషన్, నాకూ ఉంది. కానీ నేను కేసు వేసేది ఎవరి మీద? నా పైనున్న సబ్ కాంట్రాక్టర్ మీద. ఆయన దగ్గర కూడా డబ్బు లేదు, పైగా రేపు పని ఇచ్చేది ఆయనే. కాబట్టి వడ్డీ అడగను. ప్రభుత్వ పనుల్లో మెయిన్ కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు, ఆ సైటులో పనిచేసిన అద్దె బండ్ల జాబితా, వాళ్ళకు బాకీ లేదన్న సంతకాలు జత చేయాలని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్‌లో రోడ్ల మీద కూలిన చెట్లు తీయడానికి రాత్రికి రాత్రి మా బండ్లు పిలిపించారు. ఊరు మాది, వెళ్ళాం, పగలూ రాత్రీ చేశాం. ఆ బిల్లు ఒక ఆఫీసులో ఏడాదిన్నర తిరిగితే వచ్చింది. అప్పటి నుంచీ ఎవరు పిలిచినా ముందు కాగితం అడుగుతున్నాను, అలా అడగాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది రవాణా శాఖ వారికి తమరు చెప్పాల్సింది. మన స్టీల్ ప్లాంట్ లోపలి డిస్పాచ్ యార్డులో మాత్రమే తిరిగిన 36 బండ్లకు వాహన పన్ను కట్టించుకుంటే ఒక లాజిస్టిక్స్ కంపెనీ కోర్టుకెళ్ళింది. గోడ లోపల తిరిగేది పబ్లిక్ ప్లేస్‌లో తిరిగినట్టు కాదని 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సుమారు 22.7 లక్షలు వెనక్కి ఇమ్మంది. పెద్ద కంపెనీ కాబట్టి ఢిల్లీ దాకా వెళ్ళింది. రెండు బండ్లు ఆరు నెలలు ప్లాంటు గోడ దాటకుండా పనిచేసే నాలాంటివాడు గాజువాక దాటి ఎక్కడికి వెళ్తాడు? మాకు ఆ తీర్పు వర్తిస్తుందా, వర్తిస్తే ఏ ఫారం నింపాలి, ఎవరి సర్టిఫికెట్ కావాలి అని ఒక సర్క్యులర్ వస్తే చాలు.

ఆపరేటర్ల కొరత, బండ్లు మోసే లోబెడ్ ట్రైలర్ ఖర్చు, కిస్తీ తప్పితే బండి పట్టుకుపోయే సీజింగ్ వాళ్ళ గొడవ కూడా రాయాలనుకున్నాను, కానీ ఉత్తరం ఇప్పటికే పెద్దదైంది. పోయిన నెల మా వరసలోంచి ఒక బండిని ఫైనాన్స్ వాళ్ళు తీసుకెళ్ళారు. ఆ కుర్రాడు శ్రీకాకుళం నుంచి వచ్చి, గూగుల్ వార్త చదివి కొన్నాడు. ఇప్పుడు వేరేవాళ్ళ బండి మీద ఆపరేటర్‌గా అమరావతి వెళ్ళాడు.

ఆ నాలుగు నెలల లాగ్ షీట్లు, సూపర్‌వైజర్ సంతకాలతో సహా, నా బండి డాష్‌బోర్డులోనే ఉన్నాయి. తమరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు పట్టుకొస్తాను. పదో తారీఖు తప్ప. ఆ రోజు కిస్తీ.

ఇట్లు
రెండు జేసీబీలు, ఒక పొక్లెయిన్ యజమాని
కూర్మన్నపాలెం, విశాఖపట్నం