ఎలుకల మీదా, మనుషుల మీదా? ముందే రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

'క్యాన్సర్ కణాల్ని వెతికి చంపే పెప్టైడ్' (పెప్టైడ్ అంటే ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) లాంటి హెడ్డింగులు తెలుగు పేపర్లలో, మీ పేపర్‌తో సహా, తరచూ కనిపిస్తున్నాయి. ఆ కటింగ్ పట్టుకుని నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో జనం చెన్నై వచ్చేస్తున్నారు. ఇక్కడి ఆసుపత్రుల్లో మనవాళ్ళకి తమిళం, ఇంగ్లిషు మాటలు విడమరిచి చెబుతుంటాను కాబట్టి నాకూ చూపిస్తారు. ఆ ప్రయోగం జరిగింది ఎలుకల మీదన్న సంగతి ఎక్కడో చివరి పేరాలో ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. కీమో ఆపేసి ఆ ఇంజెక్షన్ వచ్చేదాకా ఆగుదామా అని అడిగినప్పుడు నాకు నిజంగా టెన్షన్ పుడుతుంది.

అలాగని ఇదంతా ఉత్తమాటేం కాదు. మన ఒంట్లో 14 అమైనో ఆమ్లాల సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ ఉంది, అది రక్తంలో రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డలు) చాలావాటి మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువగా ఉంటాయి. అందుకని ఎక్కువసేపు నిలిచేలా 8 అమైనో ఆమ్లాలతో దానిలాంటి పెప్టైడ్ చేశారు. దానికి గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలిస్తే గడ్డలు ఎక్కడెక్కడున్నాయో పెట్ స్కాన్‌లో కనిపిస్తాయి, లుటీషియం-177 అనే మరో రేడియోధార్మిక పదార్థం తగిలిస్తే రేడియేషన్ నేరుగా ఆ గడ్డల దగ్గరికే చేరుతుంది. ఈ లుటీషియం మందుకి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, లుటీషియాన్ని మన ముంబయిలోని ట్రాంబే అణు కేంద్రంలోనూ తయారుచేస్తున్నారు. పెప్టైడ్ కిడ్నీల్లో కొంత నిలిచిపోతుంది కాబట్టి వాటిని కాపాడటానికి లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు కూడా సెలైన్‌లో ఎక్కిస్తారు, ఈ ముక్క ఏ వార్తలోనూ నాకు కనబడలేదు.

అయితే ముందు స్కాన్‌లో ఆ రిసెప్టర్లు కనబడాలి. లేకపోతే పొలం అమ్మి డబ్బు తెచ్చినా ఆ మందు పనిచేయదు. సిలెంగిటైడ్ అనే మరో పెప్టైడ్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు, మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కి, ఎక్కువమంది రోగుల మీద చేసే మూడో దశ ట్రయల్ దాకా వెళ్ళి కూడా అది రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది. ఎలుకలో గడ్డ కరిగిందన్న వార్తకీ మన చేతికి మందు అందడానికీ మధ్య ఇంత దూరం ఉంది మరి.

అందుకే అడుగుతున్నాను, ఏ రకం క్యాన్సర్‌కో, ప్రయోగం ల్యాబ్‌లో కణాల మీదో ఎలుకల మీదో మనుషుల మీదో, మనుషుల మీదైతే ఎన్నో దశో మొదటి రెండు వాక్యాల్లోనే వేయండి. వీలైతే హెడ్డింగులోనే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అడయార్, చెన్నై