లోపలి ప్యాడ్ చూశావా?

రాజమండ్రి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శ్రీనూ,

కార్తీక సోమవారానికి అమ్మనీ నాన్ననీ, చెల్లెమ్మనీ పిల్లల్నీ కార్లో ఎక్కించుకుని శ్రీశైలం వెళ్తున్నానని రాశావు కదా, చదివి ఎంత సంతోషం వేసిందో. వెంటనే కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. ఎందుకో చెబుతాను, పూర్తిగా చదువు.

పోయిన నెల మేమంతా మారేడుమిల్లి దాటి చింతూరు దాకా వెళ్లొచ్చాం. బయల్దేరే ముందు కారు షాపుకి తీసుకెళ్లి బ్రేకులు చూడమన్నాను. ఆ కుర్రాడు వీల్ సందులోంచి టార్చ్ వేసి, "ప్యాడ్లు బోలెడున్నాయి సార్, ఇంకో ఏడాది ఢోకా లేదు" అన్నాడు. నమ్మేశాను. ప్యాడ్లంటే తెలుసుగా, చక్రంతో పాటు తిరిగే డిస్క్ అనే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్లలు. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతుంటే, రోడ్డు పక్క రాతి గోడ దగ్గరకి వచ్చినప్పుడల్లా ఎడమ చక్రం నుంచి కీచుమని సన్నటి శబ్దం. పలక మీద గోటితో గీకినట్టు. ఇంటికొచ్చాక కూడా ఆ శబ్దం చెవిలోనే ఉంది.

ఈ రోజు పొద్దున్నే చక్రం విప్పాను. పాప టార్చ్ పట్టుకుంది. ప్యాడ్లు రెండూ బయటికి తీసి పేపర్ మీద పక్కపక్కనే పెట్టగానే, "నాన్నా, ఒకటి ఇంత లావుగా, ఒకటి ఇంత పల్చగా ఉందేంటి?" అంది. కొత్త ప్యాడ్‌కి రాపిడి పొర ఇంచుమించు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటి దానికి ఇంకా 6 దాకా ఉంది. లోపలి దానికి ఒక కొస 2, రెండో కొస అంతకన్నా తక్కువ. ఇంకో ఘాట్ దిగితే ఇనుము ఇనుముకి రాసుకునేది. ఆ కీచు శబ్దం లోపలి ప్యాడ్‌కి ఉండే చిన్న రేకుది. పొర అరిగిపోయాక అది డిస్క్‌కి తగిలి అరుస్తుంది, మనల్ని హెచ్చరించడానికే పెడతారు దాన్ని.

బయటినుంచి చూస్తే కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే రా. లోపలిది కాలిపర్ వెనక, అంటే ప్యాడ్లని పట్టుకుని నొక్కే ఇనుప దిమ్మ వెనక, దాక్కుని ఉంటుంది. మన కార్లలో పిస్టన్, అంటే బ్రేక్ తొక్కితే ఆయిల్ ఒత్తిడికి ముందుకొచ్చే ముక్క, లోపలి వైపే ఉంటుంది. అది ముందు లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, ఆ తర్వాత కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను పట్టేసిందంటే బరువంతా లోపలి దాని మీదే. నా కింది పిన్ను చేత్తో లాగితే రాలేదు, పానాతో తిప్పుతూ తిప్పుతూ లాగాల్సి వచ్చింది. దాని రబ్బరు తొడుగు చిరిగి, వానాకాలం నీళ్లన్నీ లోపలికి పోయి, గ్రీజు తారులా గట్టిపడి ఉంది. వట్టి ప్యాడ్లు మార్చి ఊరుకుంటే మళ్లీ అదే కథ అయ్యేది. పిన్ను శుభ్రంగా తుడిచి, కొత్త తొడుగు వేసి, సిలికాన్ గ్రీజు పూశాను. మామూలు గ్రీజు పూయకు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఇప్పుడు వేలితో నెడితే చాలు, సాఫీగా లోపలికీ బయటికీ ఆడుతోంది.

నువ్వు కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు, నీ చేతి పని నాకు తెలుసు. నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యి. హ్యాండ్ బ్రేక్ వెయ్యి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టు. జాకీ ఎత్తాక స్టెప్నీని కారు కిందికి తోసెయ్. జాకీని ఒక్కదాన్నే ఎప్పుడూ నమ్మొద్దు. కింది బోల్టు ఒక్కటి విప్పితే కాలిపర్ పైకి లేస్తుంది, దాన్ని తాడుతో కట్టి ఉంచు, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకు. దుమ్ము నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము.

పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు తొందరపడకు. పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి సీ-క్లాంప్‌తో (సి ఆకారంలో ఉండే బిగింపు పట్టు) మెల్లగా బిగిస్తూ పో. బోనెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ముందే తీసి, చుట్టూ గుడ్డ చుట్టు. ఆయిల్ పైకి వస్తుంది, పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. కాలిపర్ విప్పి ఉన్నంత సేపూ కారు తాళం నీ జేబులోనే ఉండాలి. పిల్లలు ఆడుకుంటూ ఎక్కి బ్రేక్ తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ఒక వైపు అరిగినా రెండు వైపులా కొత్తవే వెయ్యి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకి లాగుతుంది. నాకు ముందు చక్రాల సెట్ 1,600 రూపాయలయింది. బిల్లు ఇచ్చే చోటే కొను.

అన్నీ బిగించాక, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు బ్రేక్ పెడల్ తొక్కు. మొదటిసారి నా కాలు నేలకి తగిలిపోయింది, రెండోసారి సగం దాకా, నాలుగోసారికి గట్టిపడింది. పిస్టన్ వెనక్కి వెళ్లింది కదా, ప్యాడ్ దాకా మళ్లీ రావాలి. ఇది మర్చిపోయి కారు కదిపావంటే బ్రేక్ ఉండదు. దయచేసి ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించుకో.

కొత్త ప్యాడ్లతో వెంటనే ఘాట్ ఎక్కకు. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి పదికి మెల్లగా తగ్గిస్తూ ఓ పదిసార్లు చెయ్యి, మధ్యలో డిస్క్‌ని చల్లారనివ్వు.

ఇంకోటి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ స్పంజీలా దిగిపోతుంది. నీ కారులో ఎప్పుడు మార్చారో చూడు, రెండేళ్లు దాటితే మార్పించు. శ్రీశైలం ముందు దోమలపెంట నుంచి డ్యామ్ దాకా ఆ మలుపుల్లో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేక్ మీద కాలు అలాగే ఉంచేయకు, అవసరమైనప్పుడు గట్టిగా వేసి వదిలెయ్. దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి మూసేస్తారు, ఆ గాభరాలో తొందరపడకు. కావాలంటే పొద్దున్నే బయల్దేరు.

నాన్నగారికి ముందు సీటు ఇవ్వు, మలుపులకి ఆయనకి వికారం కదా. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

శనివారం విప్పు. లోపలి ప్యాడ్ ఫోటో తీసి నాకు పంపు. బయటిది వద్దు, లోపలిదే. ఏ బోల్టు దగ్గర ఆగినా ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతయినా ఎత్తుతాను.

నీ
రవి