మా బాపు కాలు దక్కించిన అందరికీ కృతజ్ఞతలు

బాపును ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. కర్ర పట్టుకుని వరంగల్ కాశిబుగ్గలో మా వాడకట్టు చివరి దాకా నడిచి వస్తున్నాడు. ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దండం మా పక్కింటి అక్కకు. ఆమె స్టాఫ్ నర్సు. ఆ రాత్రి డ్యూటీ దిగి ఇంకా అన్నం కూడా తినలేదు, అమ్మ పిలవగానే వచ్చింది. బాపుకు ఉన్నట్టుండి కుడికాలు గుంజింది, ఆపైన మొద్దుబారింది, చల్లబడింది. జనవరి చలి, ఇంట్లో అందరి కాళ్లూ చల్లగానే ఉన్నాయి. కాపడం కోసం పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

అక్క తన రెండు చేతుల వెనక భాగాన్ని బాపు రెండు పాదాల మీద ఒకేసారి ఆనించింది. మెల్లగా మోకాళ్ల వరకు జరుపుతూ పోయింది. తర్వాత బొటనవేలి గోరు నొక్కి వదిలింది. ఎడమ కాలి గోరు కింద ఎరుపు రెండు సెకన్లలో తిరిగొచ్చింది. కుడికాలిది తెల్లగానే ఉండిపోయింది. పాదం మీద నాడి కోసం వేళ్లు పెట్టి చూసింది, అందలేదు. "ఇది చలి కాదు తమ్మీ, కాలికి రక్తం పోతలేదు. కాపడం పెట్టకు, రుద్దకు. ఆటో పిలువు" అంది. తనే వెంట వచ్చింది. పోచమ్మ మైదాన్ మీదుగా తీసుకెళ్లిన ఆటో అన్న ఎంత చెప్పినా పైసలు తీసుకోలేదు. అన్నా, నీ మేలు మరువం.

రక్తనాళాల్లో రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ తీసిన డాక్టర్ చెప్పింది ఇది. బాపు గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అలాంటప్పుడు గుండె లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ కొట్టుకొచ్చి గజ్జల దగ్గర రక్తనాళంలో ఇరుక్కుంది. వెంటనే రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఇచ్చి, గజ్జల్లో చిన్న కోత పెట్టి, చివర బెలూన్ ఉన్న సన్నటి గొట్టంతో గడ్డను బయటికి లాగారు. 1963లో థామస్ ఫోగార్టీ అనే అమెరికా సర్జన్ లోకానికి పరిచయం చేసిన గొట్టం అది. ఆయనకూ మా ఇంటి దండం. రక్తం అందకపోతే కాలి కండ సుమారు ఆరు గంటలకు మించి తట్టుకోవడం కష్టమట. ఆ సమయం దాటకుండా మమ్మల్ని లేపి కదిలించింది అక్కే.

ఆరోగ్యశ్రీ కాగితాలు దగ్గరుండి చేయించిన ఆరోగ్యమిత్రకు, రాత్రంతా గంటగంటకూ పాదం పట్టి చూసిన సిస్టర్లకు, మా కోసం అన్నం పంపిన వదినలకు కూడా కృతజ్ఞతలు.

ఇప్పుడు చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరూ "నా కాళ్లు కూడా సల్లగుంటయి, నాక్కూడా గిదేనా?" అని అడుగుతున్నారు. డాక్టర్ మాకు ఓపిగ్గా చెప్పిన సంగతులు వాళ్ల కోసమే రాస్తున్నాను. చలి వేసినప్పుడు ఒళ్లు ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది. చేతుల్లో, కాళ్లలో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే నిలుపుతాయి. టెన్షన్ పడ్డప్పుడు అరచేతులు చల్లబడేది కూడా అలాగే. రెండు వైపులా సమానంగా ఉండి, రగ్గు కప్పుకుంటే వెచ్చబడితే భయం లేదు.

ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటే మాత్రం రక్త పరీక్ష చేయించుకోవాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా ఇలా అవుతుంది. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. మా అమ్మకు అదే బయటపడింది, మాత్రలు వాడుతోంది. బీపీకి, గుండెకు రాసే ప్రొప్రానలాల్, అటెనలాల్ లాంటి మాత్రలతో కూడా చేతులు చల్లబడతాయి. అలాగని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టర్‌నే అడగాలి.

పొద్దున్నే చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టగానే వేళ్లు తెల్లబడి, నీలమై, ఆ తర్వాత ఎర్రబడితే దాన్ని రేనాడ్ అంటారు. మోరిస్ రేనాడ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1862లోనే దీన్ని వివరంగా రాశాడు. చాలామందికి చలి నుంచి కాపాడుకుంటే సరిపోతుంది. కానీ వేలి కొసల్లో పుండ్లు పడ్డా, చర్మం బిగుసుకుపోతున్నా, కీళ్లు నొస్తున్నా ఆలస్యం చేయొద్దు. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుందా? పాదం మీద పుండు మానడం లేదా? అప్పుడూ కాలి రక్తనాళాలు చూపించుకోవాలి, బీడీ తాగేవాళ్లయితే మరీ. షుగర్ ఉన్నవాళ్లు వేడి నీళ్లలో కాళ్లు పెట్టే ముందు ఇంట్లో వేరేవాళ్లతో చెయ్యి పెట్టించి చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి కాలినా తెలియదు.

ఇంకొకటి అక్క గట్టిగా చెప్పమంది. వానాకాలంలో పిల్లలకు డెంగీ వచ్చి, జ్వరం దిగిందని మనం ఊపిరి పీల్చుకునే సమయంలోనే చేతులు కాళ్లు చల్లబడి, పిల్లలు మగతగా పడుకుంటే, కడుపు నొస్తుందంటే అది ప్రమాదం. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

బాపు ఇక ముందు రక్తం పలచబడే మందు వాడాలి, బీడీ ముట్టకూడదు. మా గల్లీ కిరాణా షాపు అన్న ఈ మాట తెలిసినప్పటి నుంచి బాపు అడిగినా బీడీ కట్ట ఇవ్వడం లేదు. అన్నా, నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఎంత బతిమాలినా ఇయ్యకు.